గుంటన్న ఎండాకాలం పందెం

ఎప్పుడూ నెత్తిన తెల్లటి మంచు తలపాగా చుట్టుకుని కూర్చునే కొండలుంటాయి చూశారూ, ఆ కొండల ఒళ్ళో ఒక పెద్ద చెరువుంది. చలికాలం వచ్చిందంటే ఆ చెరువు బిగుసుకుపోయి, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నాపరాయి పరిచినట్టు అయిపోతుంది. ఇంక చూస్కోండి! కొండమేకలూ, కుందేళ్ళూ, అడవిపిల్లులూ అన్నీ దాని మీదే. జారేవాళ్ళు జారుతుంటారు, పడేవాళ్ళు పడుతుంటారు, పళ్ళికిలించేవాళ్ళు గట్టు మీద కూర్చుంటారు. పక్క కొండల వాళ్ళు కూడా పిల్లాపీచూ వెంటేసుకుని వచ్చేస్తారు. పేరే "జారుడు చెరువు" అయిపోయింది.

మరి ఎండాకాలం సంగతి? ఎవరూ అడిగేవాళ్ళు కాదు. "ఎండాకాలం ఏముందక్కడ, ఉత్త నీళ్ళు!" అని మూతి తిప్పేసేవాళ్ళు.

ఎలుగుబంటి భల్లమ్మకి ఈ జారుడు వైభోగమంతా చెప్పుడు మాటే. మంచు పడటం మొదలవగానే గుహలో ముసుగుతన్ని పడుకుందంటే, అది కరిగాకే ఆవిడ లేవడం. పెళ్ళికి వెళ్ళి పందిట్లో నిద్రపోయి, విస్తళ్ళు ఎత్తేటప్పుడు కళ్ళు తెరిచినట్టు ఉండేది ఆవిడ వ్యవహారం.

నిద్రపోతే పోయింది, దానివల్ల అసలు నష్టం వేరే ఉంది. ఆ చెరువు గట్టున నీళ్ళ మీదికి వంగిన చదును బండ ఒకటుంది. దాని నీడలోకి చేపలు గుంపులుగా వచ్చి చేరతాయి. వంగి చెయ్యి పెడితే చాలు, చేప చేతికొస్తుంది. ఇంకెక్కడా అంత సులువుగా దొరకవు. ఆ బండ ఎవరిదీ అన్నదానికి పాతకాలం నుంచీ ఒక కట్టుబాటుంది. ఈ గట్టు నుంచి అవతలి గట్టుకి ముందు ఎవరు చేరితే బండ వాళ్ళది. మళ్ళీ ఎవరైనా సవాలు చేసి ఓడించేదాకా వాళ్ళదే. కాళ్ళ మీద వెళ్ళు, బెరడు ముక్క మీద వెళ్ళు, దేనిమీదన్నా ఎక్కి వెళ్ళు, గట్టు చేరడమే లెక్క. పందానికి పెద్దమనిషి కాకి తాత.

ప్రతి చలికాలం గెలిచేది గుంటన్న. అదే, మన నక్క. దేవదారు బెరడుకి మైనం రాసి, దాని మీద బోర్లా పడుకుని, తోక చుక్కానిలా తిప్పుకుంటూ జువ్వలా దూసుకుపోతాడు.

సరే, ఆ ఏడు ఏమైందంటే, పూత మీద వడగళ్ళు పడి కొండ మీద పళ్ళ ఆశంతా నేలపాలైంది. తేనెపట్లు కూడా అంతంతమాత్రమే. భల్లమ్మ లేచేసరికి ఒళ్ళు వదులైపోయి, బొచ్చు ఎవరిదో అడిగి తెచ్చుకున్న కంబళిలా వేలాడుతోంది. ఎండాకాలంలో తిని కొవ్వు పట్టించుకుంటేనే ఆ జాతికి చలికాలం గడిచేది. లేదంటే పడుకున్నది మళ్ళీ లేవదు. ఇంక మిగిలింది చేపలే. చేపలున్నది బండ దగ్గర. బండ మీదేమో గుంటన్న, చెరువుకి వీపు పెట్టి, పొట్ట ఎండకి ఆరేసుకుని పడుకున్నాడు.

"మరిదీ, కాస్త జరుగు నాయనా. నాలుగు చేపలు పట్టుకుంటా" అంది భల్లమ్మ.

"పట్టుకో వదినా, ఎవరొద్దన్నారు? పెద్దవి నాకు, చిన్నవి నీకు."

"నిన్నా పెద్దవన్నీ నీకే పోయాయి కదయ్యా! ఆ చిన్నవి నా పంటి సందులోకి కూడా చాలవు."

"బండ ఎవరిది వదినా?"

"నీదే."

"పందెం గెలిచిందెవరు?"

"నువ్వేనట."

"అట ఏంటి వదినా, అట! కొండ కొండంతా కళ్ళారా చూసింది. నువ్వొక్కదానివే గుర్రు పెట్టి పడుకున్నావ్. నీ గురకకి మంచు పెళ్ళలు ఊడిపడుతున్నాయని కుందేళ్ళు ఇల్లు మారాయి, తెలుసా?"

భల్లమ్మకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పట్టిన చేపల్లో పెద్దవన్నీ వాడి ముందు పెట్టేసి, పిల్లచేపలు రెండు నోట్లో వేసుకుని, పక్క గట్టుకి వెళ్ళి కూర్చుంది.

కింది ఊళ్ళల్లో ఎండలు మండిపోతాయి కదా, అక్కడి కాపరులు ఎండాకాలం పశువుల్ని మేపుకోడానికి పైకి తోలుకొస్తారు. ఆ రోజే ఒక మంద వచ్చింది. అందులో కర్రెమ్మ అనే బర్రె, చెరువు కనపడ్డమే ఆలస్యం, అటూ ఇటూ చూడకుండా నీళ్ళలోకి దిగిపోయింది. ఈదుకుంటూ ఈదుకుంటూ చెరువు నడిమధ్యకి వెళ్ళి, అక్కడ నీళ్ళ కింద ఏదో దిబ్బ తగిలితే దాని మీద చతికిలపడింది. పైకి కనిపించేవి కొమ్ములూ, ముక్కూ, కాస్త వీపూ. అంతే!

గట్టు మీద కాపరి పిలిచాడు. బతిమాలాడు. తిట్టాడు. గడ్డి చూపించాడు. గులకరాళ్ళు విసిరాడు. ఆఖరికి తల పట్టుకుని కూర్చున్నాడు. పొద్దు గుంకి చుక్క పొడిచాక గానీ ఆవిడగారు లేవలేదు. భల్లమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. బర్రె గట్టెక్కగానే పలకరించింది.

"ఏమ్మా, పాపం ఆ కాపరి గొంతు చించుకున్నాడు. వినపడలేదా?"

"వినపడక ఏం అక్కా! నీళ్ళలో కూర్చున్నాక మా అమ్మొచ్చి పిలిచినా లేవను నేను. కింద ఎండలకి నా వీపు అట్ల పెనం అయిపోయింది. మీ చెరువు మధ్యలో బురద దిబ్బ ఉంది చూడు, పట్టుపరుపే అనుకో. ఇంత చల్లటి చోటు పెట్టుకుని మీరెవరూ దిగరేం?"

"ఇది చలికాలం చెరువమ్మా" అని, భల్లమ్మ బండ సంగతీ, పందెం సంగతీ, తన ఒంటి సంగతీ అన్నీ చెప్పుకుంది.

కర్రెమ్మ నెమరు వేస్తూ విని, "నీకు ఈత వచ్చా?" అంది.

"అదేం మాట? ఎలుగుబంటికి ఈత రాకపోవడమేంటి?"

"మరి ఇప్పుడు సవాలు చెయ్యరాదూ?"

"ఇప్పుడా! ఎండాకాలమా! అది చలికాలం పందెం కదమ్మా."

"అని ఎవరన్నారు?"

భల్లమ్మ లేచింది. తిన్నగా కాకి తాత చెట్టు దగ్గరికి వెళ్ళింది.

కాకి తాత తల గోక్కున్నాడు. "గట్టు నుంచి గట్టుకి అన్నాం. కాలం పేరు ఎత్తలేదే! అయినా ఎండాకాలం పందెం కాసే పిచ్చివాళ్ళు ఉంటారని ఎవడనుకున్నాడే?"

"ఉన్నా కదా తాతా" అంది భల్లమ్మ.

తెల్లారేసరికి కబురు కొండంతా పాకింది. మేకలొచ్చాయి, కుందేళ్ళొచ్చాయి. గుంటన్న బండ మీద కూర్చుని పగలబడి నవ్వాడు. "వదినా! నాతోనా? ఎండైనా వానైనా ఈ చెరువు మీద నన్ను మించినవాడు లేడు!" అనేశాడు. అనేశాక వెనక్కి తిరిగి చెరువు వైపు చూశాడు. నీళ్ళు. గాలికి అలలు కొడుతున్న, అడుగు కనపడని, పచ్చటి నీళ్ళు. వాడు బండ మీద ఒక అడుగు వెనక్కి జరిగాడు.

"ఏంటన్నా, బెరడు తేనా?" అంది ఒక మేక, అమాయకంగా మొహం పెట్టి.

"వీడికి ఈత రాదర్రోయ్!" అంది ఇంకోటి.

"ఎవర్రా అన్నది!" అని గుంటన్న కస్సుమన్నాడు గానీ, చెవులు మాత్రం కిందికి వాలిపోయాయి. సరిగ్గా అప్పుడే కర్రెమ్మ ఊపుకుంటూ నీళ్ళ వైపు వస్తూ కనిపించింది. నక్క బుర్ర కదా, టక్కున వెలిగింది.

"కాకి తాతా, దేని మీద ఎక్కి వెళ్ళినా సరే కదా?"

"సరే కదా మరి. ఏళ్ళ తరబడి నువ్వు బెరడెక్కుతుంటే ఒప్పుకున్నాంగా."

"అయితే నేను బర్రెనెక్కుతా!"

భల్లమ్మకి నిన్నటి కాపరి మొహం కళ్ళ ముందు మెదిలింది. కానీ మొహం మాత్రం అల్లుడు అలిగిన అత్తగారిలా పెట్టింది.

"అయ్యో అయ్యో, ఇదెక్కడి న్యాయం మరిదీ! బెరడు వేరు, బర్రె వేరు. నేనొప్పుకోను గాక ఒప్పుకోను!"

"రూలు రూలే వదినా! ఓడిపోతానని ముందే ఏడిస్తే ఎలా?"

"అంతేనంటావా..." అని భల్లమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. నవ్వు దాచుకోడానికి అంతకన్నా మంచి చోటు ఆవిడకి దొరకలేదు.

గుంటన్న కర్రెమ్మ ముందు తోక జాడించాడు. "కర్రెమ్మగారూ, నన్ను అవతలి గట్టుకి చేరిస్తే, గుండెలోతు పచ్చగడ్డి ఉన్న చోటు చూపిస్తా."

"నాకెందుకయ్యా మీ గొడవ" అంది కర్రెమ్మ. "దిగడం దిగుతా, ఈదడం ఈదుతా. మధ్యలో ఆగడం, ఆగకపోవడం మాత్రం నా వీపు ఇష్టం. ముందే చెప్తున్నా, తర్వాత అనుకునేవు."

"మీరు దిగండి చాలు, మిగతాది నేను చూసుకుంటా!"

కాకి తాత "కా!" అన్నాడు. పందెం మొదలైంది.

మొదట్లో గుంటన్నదే జోరు. కర్రెమ్మ పడవలా సాగిపోతోంది. వాడు వీపు మీద నిలబడి, వెనకాల ఆయాసపడుతూ ఈదుతున్న భల్లమ్మకి తోక ఊపుతున్నాడు. బక్కచిక్కిన ఒళ్ళు పాపం, ఆవిడకి సగం దూరానికే చేతులు లాగేస్తున్నాయి. "నెమ్మదిగా రా వదినా, చేపలు వండి ఉంచుతా!" అని కేక కూడా వేశాడు వాడు.

కర్రెమ్మ చెరువు మధ్యకొచ్చింది. కాళ్ళకి దిబ్బ మెత్తగా తగిలింది. "హా..." అని ఒక నిట్టూర్పు విడిచి, కూర్చుంది.

నీళ్ళు గుంటన్న పాదాల మీదికొచ్చాయి. మోకాళ్ళకొచ్చాయి. వాడు గెంతి మెడ మీదికి, మెడ మీంచి తల మీదికి ఎగబాకి, రెండు కొమ్ములూ పట్టుకుని వేలాడాడు.

"కర్రెమ్మగారూ! ఏంటిది? ఇదేంటి ఇక్కడ? ఈ దిబ్బ ఎప్పుడొచ్చింది?"

"ఎప్పట్నుంచో ఉన్నట్టుందయ్యా. నీ చెరువేగా, నీకు తెలీదూ?"

తెలీదు మరి. ఏడాదికోసారి దాని నెత్తి మీంచే జారుకుంటూ పోయాడు గానీ, మంచు కింద ఏముందో ఏనాడు చూశాడు? ఎండాకాలమంతా చెరువుకి వీపు పెట్టి పడుకునేవాడాయె.

"లేవండి తల్లీ! గడ్డి చూపిస్తానన్నానుగా!"

"ఊఁ."

"రెండు చోట్లు చూపిస్తా!"

"ఊఁ."

"సగం బండ మీకిస్తా!"

"బండెందుకయ్యా నాకు, బురదుండగా" అని కర్రెమ్మ కళ్ళు మూసుకుంది.

నీళ్ళల్లో బర్రెని పెట్టుకుని బేరమాడినట్టు అంటారే, అది ఇదే. కాకపోతే ఇక్కడ బేరమాడేవాడు కూడా బర్రె నెత్తి మీదే ఉన్నాడు.

భల్లమ్మ ఆయాసపడుతూనే పక్కకొచ్చింది. "ఏం మరిదీ, చల్లగా ఉందా?"

"వదినా, ఆగు వదినా! ఒక్క మాట మాట్లాడుకుందాం!"

"పందెంలో మాటలేంటి నాయనా, రూలు రూలే" అంటూ ఆవిడ సాగిపోయింది. చేతులు లాగుతున్నా, ఊపిరి ఎగదన్నుతున్నా ఆగలేదు. అవతలి గట్టు రాళ్ళు కాలికి తగిలాక, అక్కడే బోర్లా పడిపోయి ఒక చెయ్యి పైకెత్తింది. కాకి తాత కొండలు మారుమోగేలా అరిచాడు.

ఇంక గట్టు మీద జనం ఆగుతారా! నవ్వుతూ నవ్వుతూ ఒక మేకపిల్ల కాలు జారి నీళ్ళలో పడింది. "చల్లగా ఉందర్రోయ్!" అంది. అంతే, ఇంకోటి దూకింది. కుందేళ్ళు గట్టంట కాళ్ళు తడుపుకున్నాయి. చలికాలం బెరళ్ళన్నీ బయటికొచ్చి తెప్పలయ్యాయి. సాయంత్రానికి ఆ చెరువు తిరునాళ్ళే! ఇన్నేళ్ళూ "ఉత్త నీళ్ళు" అన్నవాళ్ళే పిల్లల్ని బయటికి రమ్మని బతిమాలుకుంటున్నారు.

గుంటన్న మాత్రం కొమ్ముల మధ్యే. కర్రెమ్మ నిద్దట్లో ఈగనుకుని చెవితో వాణ్ణి అప్పుడప్పుడూ ఒకటి తగిలిస్తోంది.

పొద్దు వాలాక భల్లమ్మ కడుపు నిండా తిని, వాడి కోసం ఈదుకుంటూ వచ్చింది. నోట్లో రెండు చేపలున్నాయి. ఒకటి వాడి చేతిలో పెట్టింది, వేలెడంత పిల్లచేప. రెండోది పెద్దది, అది తనే మింగింది.

"పెద్దవి నాకు, చిన్నవి నీకు. ఎక్కు మరిదీ, నా వీపెక్కు. నేను మధ్యలో కూర్చోనులే."

గుంటన్న తడిసిన తోక చంకలో పెట్టుకుని ఎక్కాడు. గట్టు దగ్గరపడే కొద్దీ కాస్త ధైర్యం తెచ్చుకున్నాడు.

"వదినా, నువ్వు పడుకున్నాక, చలికాలం మళ్ళీ సవాలు చేస్తా. అప్పుడు బండ నాదేగా?"

"నీదే నాయనా, నీదే. అప్పుడది నిలువెత్తు మంచు కింద ఉంటుంది. తవ్వుకుని కూర్చో. నేను లేచి మళ్ళీ పందానికి పిలిచేసరికి నీకూ కాస్త ఈత వచ్చుంటుంది."

ఆ ఏడు భల్లమ్మ గుండ్రంగా ఒళ్ళు చేసి, తొలి మంచు పడకముందే హాయిగా గుహ చేరింది. మరుసటి ఎండాకాలం ఆ గట్టున పొద్దున్నే ఈత నేర్చుకునేవాళ్ళలో అందరికంటే ముందు దిగింది ఎవరో చెప్పక్కర్లేదు కదా. పక్కనే కర్రెమ్మ ఉంటే మాత్రం కాస్త దూరంగా దిగేవాడట.

గడ్డకట్టిన చెరువు దాటినవాడైనా, కరిగిన చెరువులో లోతు అడిగే దిగాలి.