పైన పూసిన సిమెంటు

సహజబోధ స్వామివారికి అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. ప్రశ్న అంతా విని, "చూద్దాం" అనేవారు. తుంగభద్ర ఒడ్డున ఉన్న ఆ చిన్న ఆశ్రమంలో అందరూ ఆ మాటకు అలవాటు పడిపోయారు.

ఒకనాటి ఉదయం భుజంగరావు అనే శిష్యుడు ఆయన్ని అడిగాడు.

"స్వామీ, కోదండపాణిగారిని క్షమించమని అడిగాను. పర్వాలేదన్నారు. రోజూ నవ్వుతూనే పలకరించుకుంటున్నాం. అయినా ఆయన ఆశ్రమం విడిచి వెళ్లిపోతారట. నేనింకేం చెయ్యాలి?"

సంగతి అందరికీ తెలిసిందే. కోదండపాణి ఆశ్రమంలో వంట చూసేవాడు. ఆ వేసవిలో భుజంగరావుకు వాంతులు పట్టుకున్నాయి. తేరుకున్నాక, అతిథులంతా భోజనానికి కూర్చున్న పంక్తిలో, "ఈయన వంట తిన్నాకే నాకలా అయింది" అన్నాడు. మర్నాటి నుంచి కోదండపాణి వంటింటి గడప తొక్కలేదు.

స్వామివారు "చూద్దాం" అని, "ముందు అతిథి గది మరుగుదొడ్డి సంగతి చూడు. వాసన వస్తోందంటున్నారు" అన్నారు.

కమోడ్ అడుగున నేల మీద నీళ్లు ఊరుతున్నాయి. భుజంగరావు తుడిచి, చుట్టూ వైట్ సిమెంటు పూసి, ఫినాయిలు చల్లి వచ్చాడు. చూడ్డానికి శుభ్రంగానే ఉంది. కొన్నాళ్లకే పక్క గది గోడ చెమ్మెక్కింది. అక్కడ పెట్టిన బియ్యం బస్తాలు అడుగున తడిసి ముక్కిపోయాయి. మళ్లీ పూశాడు. ఈసారి నీళ్లు గుమ్మం వైపు తేలాయి.

"పైకెత్తి చూడాల్సిందే. ఒక్కడివల్ల కాదు, కోదండపాణిని పిలువు" అన్నారు స్వామివారు.

ఇద్దరూ నీళ్లు కట్టేసి, ఉలితో సిమెంటు కొట్టి, బోల్టులు విప్పి, చెరో పక్క పట్టుకుని కమోడ్‌ను గోనెపట్టా మీదికి దించారు. నేలలోని గొట్టం మూతి దగ్గర రబ్బరు వాషరు చీలిపోయి ఉంది. చుట్టూ మురికి గడ్డకట్టింది. ముక్కులకు తువ్వాళ్లు చుట్టుకుని గీకడం మొదలుపెట్టారు.

గీకుతూ గీకుతూనే కోదండపాణి తలెత్తకుండా అన్నాడు.

"ఆ పంక్తిలో మా అమ్మ ఉంది. నా చేతి వంట తిందామని ఊరి నుంచి వచ్చింది. నీ మాట విని, కలిపిన ముద్ద విస్తట్లోనే వదిలేసి లేచింది."

భుజంగరావు చెయ్యి ఆగిపోయింది. "నాకు తెలీదు."

"తెలిస్తే అనేవాడివి కాదా?"

"అనేవాణ్ణే" అన్నాడు భుజంగరావు. "ఆ రోజు నేను ప్రవచనం చెప్పాను. ఒక్కరూ దాని ఊసెత్తలేదు. అందరూ మీ పప్పునే మెచ్చుకుంటున్నారు. ఓర్వలేక అన్నాను. జబ్బు దేనివల్ల వచ్చిందో నాకు నిజంగా తెలీదు."

కోదండపాణి చేతిలోది కింద పడేసి బయటికి వెళ్లిపోయాడు. భుజంగరావు ఆ మురికి దగ్గరే కూర్చుండిపోయాడు. కాసేపటికి అడుగుల చప్పుడైంది. తిరిగొచ్చిన కోదండపాణి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇదే మాట మా అమ్మకు చెప్పాలి నువ్వు."

"వస్తాను."

"సరే. జరుగు, అవతలి పక్క ఇంకా ఉంది."

గొట్టం మూతి శుభ్రంగా కడిగి, కొత్త వాషరు వేసి, కమోడ్‌ను దాని మీద కూర్చోబెట్టారు. బకెట్లతో నీళ్లు పోసి చూశారు. చుక్క కారలేదు. భుజంగరావు సిమెంటు కలిపి చుట్టూ పూస్తూ వెనక వైపుకు వచ్చేసరికి, గుమ్మంలో నిలబడి ఉన్న స్వామివారు ఆపారు.

"అక్కడ కాస్త వదిలెయ్యి నాయనా. మళ్లీ కారితే కనబడాలి కదా."