సింగారమ్మ వంతు

అనగనగా కొండల నడుమ ఒక పల్లె. దాని పేరు తుమికిపల్లె. ఊరికి ఎగువన, రెండు బండల సందులో, ఎండాకాలంలోనూ ఎండని ఊట ఒకటి ఉండేది.

ఆ నీళ్లు తాగడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. బండ మీద బోర్లా పడుకోవాలి. జారకుండా ఒక చేత్తో అంచు పట్టుకోవాలి. రెండో చేత్తో సొరబుర్రను సందులోకి దించాలి. బుర్రతో పైకి లేవబోయినా, పడుకునే నోటికెత్తుకోబోయినా నీళ్లన్నీ ఒలికిపోతాయి. అందుకని పడుకున్నవాళ్లు తోడి వెనక్కి అందించేవారు. వెనకవాళ్లు తాగి, బిందె నింపుకుని, ఆపైన తాము పడుకుని వీళ్లకు తోడిపెట్టేవారు. మాటలు మానుకున్న తోడికోడళ్లకు కూడా అక్కడ అదే పద్ధతి.

ఆ దేశపు రాజు ప్రచండవర్మ ఒక వేసవిలో వేటకు వచ్చాడు. ఎవరో చెంబుతో అందిస్తే ఆ నీళ్లు తాగాడు. ఎలా తోడారో చూడలేదు. "ఇంత తీయటి నీళ్లు వీళ్లకెందుకు?" అన్నాడు. వెంటనే దండోరా వేయించాడు.

"ఈ ఊట రాజుగారిది. రాజుగారు తప్ప మరొకరు ఆ నీళ్లు గాని, ఆ బుర్ర గాని ముడితే చేయి నరకబడును. రేపు జాలిపడి రాజుగారే సరేనన్నా, ఆ మాట చెల్లదు."

చివరి మాట రాజు స్వయంగా చేర్పించాడు. అది ఆయనకు చాలా గొప్పగా తోచింది.

ఊట చుట్టూ ముళ్ల కంచె లేచింది. ఊరివాళ్లు వాగులో గుంటలు తవ్వి బురద నీళ్లు వడగట్టుకున్నారు. సింగారమ్మ అనే అవ్వ ఇంట్లో కోడలు పచ్చి బాలింత. ఆ నీళ్లు తాగి ఆమెకు జ్వరం తగిలింది. సింగారమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకుని, కంచె దగ్గరకు పోయి నిలబడింది.

"ఏం కావాలి అవ్వా?" అని కాపలా భటుడు అడిగాడు.

"ఏమీ వద్దు నాయనా. వంతులో ఉన్నాను."

"ఎవరి వెనక?"

"మీ రాజు వెనక. ఆయన తర్వాత నేనే."

భటుడు నవ్వాడు. "ఆయన వచ్చేసరికి నీ తల మీద వెంట్రుక కూడా మిగలదు."

"ఉన్నవే నాలుగు. పోతే పోనీ."

పొద్దుగూకేదాకా ఆమె కదల్లేదు.

రెండో రోజు మంత్రి వచ్చాడు. మెత్తగా మాట్లాడాడు. "కోట బావి నీళ్లు రోజూ బండి మీద నీ ఇంటికి పంపిస్తాను. ఇక్కడ నిలబడి నలుగురికీ నేర్పకు."

కోడలి ఎండిన పెదవులు గుర్తొచ్చి సింగారమ్మ ఒక్క క్షణం తల వంచింది. మళ్లీ ఎత్తింది.

"మీ బండి ఊళ్లో అందరి గుమ్మాలూ దాటుకునే కదా మా ఇంటికి రావాలి, మంత్రిగారూ? ఏ మొహం పెట్టుకుని దింపుకోను?"

సాయంత్రానికి ఆమె వెనక సగం ఊరు ఖాళీ బిందెలతో నిలబడింది.

మూడో రోజు రాజే వచ్చాడు. ఆ నీళ్లే తాగాలని పొద్దుటి నుంచి మరేమీ ముట్టలేదు. ఎండ మండిపోతోంది. కంచె లోపలికి వెళ్లి, సందు చూసి, చేసేదేమీ లేక బండ మీద బోర్లా పడుకున్నాడు.

మొదటి బుర్ర లేవబోతుంటే గుండెల మీద ఒలికింది. రెండోది చొక్కా చేతిలోకి పోయింది. మూడోసారి కాలు జారి మనిషే సందులోకి పోబోయాడు. మళ్లీ ముంచి, పడుకునే వెనక్కి చాచాడు.

"పట్టు" అన్నాడు.

భటుడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ముడితే చేయి పోతుంది ప్రభూ."

"నేను చెబుతున్నాను."

"మీరు చెప్పినా చెల్లదన్నారు ప్రభూ."

మంత్రి ఆకాశం వైపు చూశాడు. వరసలో ఎవరో దగ్గు నటించారు.

"అవ్వా, నీకొక్కదానికే సెలవిస్తున్నాను. వచ్చి పట్టు."

"మీ సెలవు చెల్లదు దొరా. చెల్లినా నాకొక్కదానికే వద్దు. డప్పుతో వేసిన కట్టు డప్పుతోనే తీయాలి. డప్పు తెప్పించండి. ఊరందరికీ చెప్పించండి."

"నీకు ప్రాణం మీద తీపి లేదా?"

"ఉంది దొరా. అందుకే నీళ్లకు వచ్చాను."

రాజు నాలుక అంగిలికి అంటుకుపోయింది. చేతికి అందే నీళ్లు గొంతుకు అందడం లేదు. చివరికి చేయి ఊపాడు. డప్పు మోగింది. ఊట అందరిదని దండోరా పడింది. కంచె మొదట పీకింది భటులే. వాళ్లూ కంచె లేచిన నాటి నుంచి ఆ నీళ్లకు మొహంవాచి ఉన్నారు మరి.

రాజు లేవబోయాడు.

"ఉండండి దొరా. పడుకున్నవారే తోడాలి. వంతు నాది."

రాజు తోడాడు. సింగారమ్మ బిందె నింపి, కోడలికి ఇమ్మని పక్కింటామెతో పంపింది. తర్వాత తను కడుపారా తాగింది. కొంగు నడుముకు దోపి, బండ మీద బోర్లా పడుకుని, నిండు బుర్ర వెనక్కి అందించింది.

"ఇప్పుడు మీరు తాగండి" అంది.

పదిమంది నీళ్లకు కంచె కట్టినవాడు తన గొంతే ఎండగట్టుకుంటాడు. తన వంతు వదలక నిలబడినవారి ముందు ఆ కంచె తొలగక తప్పదు.