కోదండనాయకుడి సగం మాట

అనగనగా ఒక ఊరు, ఊరి చుట్టూ చెరకు, చెరకు నడుమ రాజుగారి బెల్లం గానుగ. ఊరి పేరు చెరకుపాడు. అక్కడ ఈగలకు కూడా తీరిక ఉండేది కాదు. తీరిక ఉన్నది గానుగ పెద్ద కోదండనాయకుడు ఒక్కడికే. పాపం, ఆయన పనల్లా పని చెప్పడమే. ఆ చెప్పడమైనా సరిగా చెప్పేవాడు కాదు.

ఆయన నడుస్తూ చెప్పేవాడు. సగం మాట మనిషి ముందు, మిగతా సగం మలుపు తిరిగాక. ఆ రెండో సగం గోడలు విన్నాయేమో, మనుషులు మాత్రం వినలేదు.

పనివాళ్ళేమైనా తక్కువ తిన్నారా? పెద్దవాళ్ళను తిరిగి అడగడం పొగరనుకోవడం అక్కడి ఆచారం. అందుకని ఏం చెప్పినా చేతులు కట్టుకుని "చిత్తం" అనేవాళ్ళు. అర్థమైతే ఒక చిత్తం. కాకపోతే ఇంకాస్త గట్టిగా రెండు.

పొయ్యి మీద పాకం చూసేది నూకమ్మ. నోరు పెద్దది, కోపం అంతకన్నా పెద్దది. గానుగ పక్కనే ఆమెకొక గుడిసె ఇచ్చారు. అందులో మంచం దిగలేని అత్తగారు. పాకం కాచే పెనం మాడిందా, పాకం చూసేవాళ్ళు ఆ పూటే గుడిసె ఖాళీ చేసి ఊరు విడవాలి. అదీ అక్కడి కట్టుబాటే.

ఒకనాడు కోదండనాయకుడు నడుస్తూ, "రాణిగారికి బెల్లం పంపాలి. ఈసారి కొంచెం వేరేగా చేయండి" అన్నాడు.

"చిత్తం" అన్నారు అందరూ.

వేరేగా అంటే ఎలాగ? "పెద్దింటివాళ్ళు కదా, పెద్దదే అడిగుంటారు" అని తేల్చాడు మంట వేసే అప్పలస్వామి. ఆయన ఏదైనా తేల్చగలడు, తెలియనవసరం లేదు. గుమ్మం పట్టనంత దిమ్మ పోశారు. తీరా రాణిగారు కోరింది, పసిపిల్లలకు పంచడానికి ఉసిరికాయంత ఉండలు.

"ఉండలని ఊహించలేరా? ఆ మాత్రం తెలియదా?" అని కోదండనాయకుడు మండిపడ్డాడు. ఆ మధ్యాహ్నం అందరికీ గంజి ఆపించాడు.

మరొకనాడు మబ్బు పట్టింది. పొయ్యిలోకి వాడే చెరకు పిప్పి ఆరుబయట ఎండుతోంది. "ఎవరో ఒకరు పిప్పి సంగతి చూడండి" అంటూ ఆయన వెళ్ళిపోయాడు.

"చిత్తం" అన్నారు అందరూ. నూకమ్మ అప్పలస్వామి చూస్తాడనుకుంది. అప్పలస్వామి ఎడ్లు తోలేవాళ్ళు చూస్తారనుకున్నాడు. వాళ్ళు ఎడ్లనే చూస్తూ కూర్చున్నారు. వాన మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. పిప్పి నానిపోయింది, పొయ్యి వెలగలేదు.

"ఇంతమందిలో ఒక్కరికి తోచలేదా? ఆ మాత్రం తెలియదా?" మళ్ళీ గంజి లేదు.

ఒళ్ళు మండేది ఇక్కడే. మాట మింగినవాడు కడుపు నిండా తిన్నాడు. ఆ మాట దొరకనివాళ్ళు పస్తులున్నారు.

ఇంతలో రాజుగారే గానుగ చూడడానికి వస్తున్నారని కబురొచ్చింది. రాజుగారు వచ్చే రోజు కోదండనాయకుడు కొత్త తలపాగా చుట్టి, "నేను సైగ చేస్తాను, అప్పుడు..." అంటూ మలుపు తిరిగాడు. అప్పుడు పెనం దించమన్నాడో, దండలు తెమ్మన్నాడో గోడలకే తెలియాలి.

"చిత్తం, చిత్తం" అన్నారు అందరూ.

పాకం ముదురుతోంది. దూరంగా ద్వారం దగ్గర కోదండనాయకుడు ఉత్తరీయం ఊపాడు.

"రమ్మంటున్నాడు!" అని తేల్చాడు అప్పలస్వామి.

అందరూ పరుగెత్తారు. "పెనం ఎవరు పట్టుకుంటారర్రా?" అని అరుస్తూ నూకమ్మ నిలబడిపోయింది. ఆ పెనం ఒక్కరు దించేది కాదు. ఆమె నీళ్ళు తెచ్చి మంట ఆర్పేలోపు పాకం కాస్తా నల్లబడింది.

రాజుగారికి స్వాగతం పలికింది ఆ మాడు వాసనే.

"ప్రభూ, తప్పు దీనిది! నా సైగ దీనికి అర్థం కాలేదట. కట్టుబాటు ప్రకారం వెళ్ళగొట్టండి" అన్నాడు కోదండనాయకుడు. ఈ ఒక్క మాట మాత్రం ఆయన నిలబడి, పూర్తిగా చెప్పాడు.

నూకమ్మ గరిటె కింద పెట్టలేదు. "మహారాజా, అర్థం కాకుండానే చిత్తం అన్నాను. అది నా తప్పే. కానీ ఈయన మాట అర్థమైన మనిషిని ఒక్కరిని చూపించమనండి, మా అత్తను వీపున మోసుకుని ఇప్పుడే పోతాను. పోనీ, తమరే ఒక పని చెప్పించుకుని చేసి చూడండి."

 రాజుగారు కిరీటం తీసి, వెంట వచ్చిన మంత్రి చేతికిచ్చారు. "నాయకా, పని చెప్పు."

కోదండనాయకుడు ఈసారైనా నిలబడి చెబుదామనుకున్నాడు. కానీ అలవాటు అలవాటే. నోరు తెరవగానే కాళ్ళు కదిలాయి. "ఆ బెల్లం అచ్చులు కాస్త అటు సర్దండి. ఎప్పటిలాగే..." అంటూ మలుపు తిరిగాడు.

"చిత్తం" అన్నారు రాజుగారు, ఆ గానుగ గాలి తగిలి.

ఏ అచ్చులు? ఎటు? ఆయన కాసేపు దిక్కులు చూసి, చేతికందిన చెక్క అచ్చులను పొయ్యి గట్టు మీద పేర్చారు. తిరిగొచ్చిన కోదండనాయకుడి కళ్ళు ముందు అచ్చుల మీద పడ్డాయి, మనిషి మీద పడలేదు.

"పొయ్యి పక్కనా? కాలిపోవూ! ఆ మాత్రం తెలియదా?"

గానుగ తిప్పే ఎడ్లు కూడా ఆగిపోయాయి.

"తెలియదు" అన్నారు రాజుగారు. ఆ గానుగలో ఆ మాట పలికిన మొదటి మనిషి ఆయనే. "నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు. ఇన్నాళ్ళూ నీ నోటి తప్పుకు వీళ్ళ కడుపు మాడ్చావు. నీకు సిగ్గు లేదా?"

నూకమ్మ గుడిసె నూకమ్మకే దక్కింది. పాత కట్టుబాటు పోయి కొత్తది వచ్చింది. గానుగ పెద్ద నిలబడి, ఫలానా మనిషి ఫలానా పని చేయాలని చెప్పాలి. విన్నవాళ్ళు తమకు అర్థమైంది తిరిగి చెప్పాలి. ఆ తరువాతే చిత్తం. ఇక ఆపిన గంజి అంతా కోదండనాయకుడే తన చేత్తో వడ్డించాలి.

మర్నాడు ఆయన గంజి కుండతో ముందుగా నూకమ్మ దగ్గరికొచ్చాడు. "ఎంత పొయ్యమంటావు?"

"ఎప్పటిలాగే" అంది నూకమ్మ.

ఆయన కాలు కదపబోయి ఆగాడు. "ఎప్పటిలాగే అంటే... ఎంతమ్మా?"

"హమ్మయ్య, అడిగారు! చెంబు నిండా, అయ్యగారూ. మా అత్తకు ఇంకో చెంబు."

నీతి: ఎదుటివాడికి అర్థమయ్యేదాకా చెప్పినవాడి పని పూర్తి కానట్టే. సగం చెప్పి, తప్పంతా విన్నవాడిదే అనడం పెద్దరికం కాదు.