పొగడలంక బడిని కాపాడిన కమిటీ

గోదారి రెండు పాయల నడుమ పొగడలంక అని ఓ లంక ఉంది. అక్కడి గాలికి పొగడపూల వాసన, అక్కడి మనుషులకు తెలివి పుట్టుకతోనే అబ్బాయని వాళ్ళ నమ్మకం. ఆ తెలివంతా పోగేస్తే ఎవరయ్యా అంటే బడి కమిటీ పెద్ద వీర్రాఘవులు. చదువు రాకుండానే ఇంత తెలివి వచ్చింది కదా, వస్తే ఎక్కడ పెట్టుకునేవాడినని ఆయనే అంటుండేవాడు.

ఓ రోజు పైనుంచి ఉత్తరం వచ్చింది. కూతురు కనకవల్లి చదివి వినిపించింది. ఇరవైమంది పిల్లల్లో ఒక్కరు తగ్గినా పొగడలంక బడి మూసేస్తారట.

వీర్రాఘవులు మీసం సవరించుకున్నాడు. తలుపులుంటే కదా మూసేది అన్నాడు. అంతే. ఆయనా, బావమరిది చిట్టబ్బాయీ కలిసి బడి తలుపులు నాలుగూ ఊడబీకి పశువుల పాకలో దాచేశారు. మర్నాటి నుంచి మేకలు కూడా ఒకటో తరగతిలో కూర్చున్నాయి.

అవతలి ఒడ్డు నుంచి పడవ మీద వచ్చే సుదర్శనం మాస్టారు తల పట్టుకున్నాడు. గొడవ తలుపులతో కాదండీ, లెక్కతో అని విడమరిచి చెప్పాడు. ఇప్పుడు సరిగ్గా ఇరవైమంది ఉన్నారు. ఐదో తరగతి పిల్లలు ముగ్గురు పాసైతే, వేసవి పోగానే అవతలి ఒడ్డు పెద్దబడికి పోతారు. మిగిలేది పదిహేడు.

"కుండ ఎక్కడ కారుతుందో అక్కడే కదా లక్క పెట్టాలి" అన్నాడు వీర్రాఘవులు. "ఆ ముగ్గురూ తప్పితే సరి."

ఆ ముగ్గురిలో కనకవల్లి ఒకతి. పొద్దు వాలేవేళ అవతలి ఒడ్డున పెద్దబడి తెల్లగోడ నీళ్ళలో వణుకుతుంటే, దాన్ని చూస్తూ అన్నం మరిచిపోయే పిల్ల. ఆ బడి గంట గాలిలో తేలి వస్తే చాలు, చేతిలో పని అలాగే ఆగిపోయేది.

"నాన్నా, ఈ ఒక్క ఏడే కదా తప్పేది?" అంది.

"ఈ ఏడే తల్లీ" అన్నాడు తండ్రి ముద్దుగా. "పై ఏడు సంగతి పై ఏడు చూద్దాం. అప్పుడూ తప్పుదువుగాని."

ఇంకేముంది, తప్పులు నేర్పడం మొదలైంది. అయితే ఓ చిక్కు. ఒప్పేదో తెలియకుండా గుడ్డిగా రాస్తే, పొరపాటున ఒప్పు పడిపోవచ్చు. అందుకని ముందు ఒప్పంతా బట్టీపట్టి, ఆ తర్వాత దాన్ని తప్పించి రాయాలన్నాడు వీర్రాఘవులు. కమిటీవాళ్ళు ఇంటింటికీ తిరిగి కాపలా కాశారు. లంక పుట్టాక పిల్లలు అంత చదివిన ఏడు లేదు. వాళ్ళ నోట విని మిగతా పదిహేడుమందికీ ఎక్కాలన్నీ వచ్చేశాయి. పరీక్షలో మాత్రం ముగ్గురికీ మూడు సున్నాలు. వీర్రాఘవులు ఊరంతా బెల్లం పంచాడు.

బెల్లం కరిగేలోపు రెండో ఉత్తరం. సున్నాలు వచ్చే బడి ఉండి ఎందుకట. శుక్రవారం ఆఫీసరుగారే వస్తారు. ఇరవైమందీ కనబడాలి, ఐదో తరగతి ఒప్పులు చెప్పాలి. చెబితే ముగ్గురూ పాసు, లేకపోతే బడి లేదు.

చెబితే పాసవుతారు, పాసైతే ఏరు దాటిపోతారు. వీర్రాఘవులు గురువారమంతా ఆలోచించాడు. పడవ ఉంటే కదా దాటేది. అంతే. మాస్టారిని దించి పడవ తిరిగొచ్చీ రాగానే, దాని అడుగున గునపంతో బెజ్జం కొట్టాడు. బుడబుడమంటూ పడవ మునుగుతుంటే, నీళ్ళలో ఎర్రటి సూరీడు వంద ముక్కలయ్యాడు. కనకవల్లి ఏడవలేదు. చూస్తూ నిలబడింది.

శుక్రవారం పొద్దున్న అవతలి రేవులో ఆఫీసరు, మాస్టారు నిలబడి చేతులూపుతున్నారు. ఉన్న ఒక్క పడవా ఏటి అడుగునుంది.

"బావా, ఆయన రాకపోతే మన పిల్లల్ని లెక్కపెట్టేదెవరు?" అన్నాడు చిట్టబ్బాయి.

"ఆయన రాలేడు సరే, పిల్లలు వెళ్ళలేరా?" అన్నాడు వీర్రాఘవులు. ఇంకేముంది, పాకలోని బడి తలుపులు బయటికొచ్చాయి. వాటికింద అరటిబోదెలు కట్టి తెప్ప చేశారు. రెండు విడతల్లో ఇరవైమందీ, వాళ్ళతో వీర్రాఘవులూ అవతల తేలారు.

పెద్దబడి అరుగుమీద పిల్లలు ఒప్పులు చెబుతుంటే ఆఫీసరు నోరు తెరుచుకుని విన్నాడు. పక్కనే ఆ బడి హెడ్మాస్టరు రిజిస్టరుతో సహా నిలబడ్డాడు. ఒకటి నుంచి పది దాకా తరగతులున్నా పిల్లలు చాలట్లేదని ఆయనకూ ఓ ఉత్తరం వచ్చి ఉంది. ఇరవై పేర్లూ చకచకా రాసేసుకున్నాడు.

"ఇరవైమంది పిల్లలు ఈ బడికి వచ్చారని రాశానండి. నిజమేనా?" అని అడిగాడు.

వీర్రాఘవులు పిల్లల్ని వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాడు. ఇరవై. వచ్చింది ఈ బడికే. ఉన్నమాట అనడానికి భయమెందుకని బొటనవేలు సిరాలో ముంచి గట్టిగా నొక్కాడు. తన వేలిముద్ర అంత నిండుగా ఎప్పుడూ పడలేదని మురిసిపోయాడు కూడా. కనకవల్లి ఆయన చెయ్యి పట్టుకుని నవ్వింది. కాపాడినందుకేననుకున్నాడు.

వేసవి పోయి బడులు తెరిచిన సోమవారం పొద్దున్న, ఆ రిజిస్టరుకెక్కిన పిల్లలందరూ అదే తెప్పెక్కి పెద్దబడికి పోయారు. తిరుగు తెప్పలో మాస్టారు వచ్చాడు. బడిలో మేకలు తప్ప ఎవరూ లేరు. వీర్రాఘవులు గుండె జారింది. అయినా తెలివి జారలేదు. ఉత్తరంలో ఇరవైమంది అన్నారు గానీ ఏ వయసన్నారు? అంతే. తనూ, చిట్టబ్బాయీ, మరో పద్దెనిమిదిమంది పెద్దలూ ఒకటో తరగతిలో చేరిపోయారు.

మాస్టారికి కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళకైనా లంక పెద్దలు చదువుకుంటున్నారని మురిసి, బోర్డుమీద అందంగా 'అ' రాసి, దిద్దండి అన్నాడు.

వీర్రాఘవులు పలక బోర్లించేశాడు. వెనకాల పందొమ్మిది పలకలూ టపటపా బోర్లాపడ్డాయి.

"ఆ ఒక్కటీ అడక్కండి మాస్టారూ. ఇది నేర్చుకుంటే రెండోది వస్తుంది. అన్నీ వస్తే పాసైపోతాం. పాసైతే మన బడి ఏం కాను?"

అవతలి ఒడ్డున గంట మోగింది. ఆ గంటకు కనకవల్లి ఆరో తరగతిలో అడుగుపెడుతుంటే, ఇవతల ఆమె నాన్న రెండు కళ్ళూ గట్టిగా మూసుకున్నాడు, ఆ 'అ' ఎక్కడ కంట్లో పడి వచ్చేస్తుందోనని.