ఇప్పపూల కాలంలో గుబురయ్య

...అదేనమ్మా, చెప్తా చెప్తా అని వారం నుంచి సాగదీశాను, ఏమనుకోకు. నాకు ఏదీ పొట్టిగా చెప్పడం రాదు. సరే, విను.

ఆ అడవిలో గుబురయ్య అని ఒక ఎలుగుబంటి. ఇప్పపూలు రాలి బండగుంటల్లో పులుస్తాయి చూడు, ఆ నీళ్ళు తాగి తాగి ఇల్లు గుల్ల చేసుకున్నాడు. పెళ్ళాం నల్లమ్మ పిల్లని తీసుకుని వేరే గుహకి పోయింది. అప్పుడు బుద్ధొచ్చి మానేశాడు. నల్లమ్మ ఒకటే మాటంది: "ఈ పూల కాలం దాటి రా. అప్పుడు పిల్లని నీతో పంపిస్తా."

దాదాపు దాటేశాడు. ఆఖరి రోజొచ్చింది.

నక్కకి కడుపుమంట! తాగినప్పుడు గుబురయ్య తేనెపట్టు దింపి అక్కడే పడి నిద్రపోయేవాడు, తేనంతా నక్కదే. మానేశాక నాకడానికి చుక్క లేదు. అందుకని ఆ మధ్యాహ్నం గుబురయ్య కునుకు తీస్తుంటే, పులిసిన పూలు నోట కరుచుకొచ్చి కరుచుకొచ్చి వాడి వీపంతా పులిమి, తట్టి లేపింది.

"బావా! ఇదేం కంపు? అక్క గడప తొక్కనిస్తుందా?"

"నేను తాగలేదురా!"

"తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. వాగు ఎండిపోయింది, కడుక్కోడానికీ లేదు. నింద ఎలాగూ పడింది, రెండు గుక్కలు వేస్తే పోయేదేముంది? లేదా నాలుగు రోజులు ఎక్కడన్నా దాక్కో."

పాత గుబురయ్యయితే దాక్కునేవాడే. ఈసారి లేచి నిలబడ్డాడు. "అననీ. తాగింది నేను కాదుగా! పద."

నక్క వెనకే తూలుకుంటూ, "తాగొచ్చాడహో!" అని అరుస్తూ వచ్చింది. దుప్పులు, అడవిపందులు, అన్నీ పోగయ్యాయి.

గుబురయ్య నేరుగా నల్లమ్మ ముందుకెళ్ళి, "నా ఒంటి మీద వాసనుంది. నోట్లో లేదు" అన్నాడు.

"ఇలాంటివి నూరు విన్నా."

"నూరూ అబద్ధాలే. ఇది నూటొకటోది. నమ్మమనను, వాసన చూడు."

నోరు బార్లా తెరిచాడు. నల్లమ్మ వాసన చూసింది. చెదపురుగుల వాసన, మట్టి వాసన, అంతే.

"మరి ఈ పూలెవరు మోశారు?" అని నక్క వైపు తిరిగింది. " ఏరా తమ్ముడూ, నువ్వూ తెరువు నోరు."

"నేనా? నాకు... ఎక్... పంటి నొప్పక్కా!"

ఆ ఎక్కిళ్ళతోనే గుప్పుమంది! మోసిన పూల రసమంతా దాని గొంతులోకే దిగింది మరి. దొంగకి తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా జారుకోబోయి బోర్లాపడింది. అడవంతా పకపకా నవ్వింది.

నల్లమ్మ మాత్రం నవ్వలేదు. "రేపు పిల్లని చెదపుట్టల దాకా తీసుకెళ్ళు. ఒక్క పూటే. నేనూ వెనకే వస్తా."

"రా. ఎల్లుండీ రా. నా నోరు రోజూ చూసుకో."

అందుకే చెప్తున్నా, మానినవాడు నిందకి దాక్కున్నాడో మళ్ళీ గుంటలోకే, ఎదురెళ్ళాడో ఇంటికే. ఇంకా ఏంటంటే... ఆఁ, వస్తున్నానండీ, వస్తు—