గోడ మీది గీతలు

అడవికీ ఊరికీ మధ్య మనుషులు వదిలేసిపోయిన గానుగ ఒకటి ఉండేది. ఎలుగుబంటి దాన్ని బాగుచేసుకుని నడుపుకుంటోంది. గాడిద నువ్వులు మోసుకొచ్చేది, ఎద్దు గానుగ తిప్పేది. కళ్లకు గంతలు కట్టాక పొద్దుగూకేదాకా గుండ్రంగా నడవడమే దాని పని. కూలి కింద నూనె తీశాక మిగిలే తెలగపిండి తట్టెడు, బెల్లం ముక్క, పడుకోవడానికి పాక. పదేళ్లుగా ఇదే. ఇప్పుడు దానికి మోకాళ్లు పట్టేస్తున్నాయి.

ఆ తెలగపిండి మీద నక్క కన్ను పడింది. వేసవంతా పట్నంలో ఒక ఆఫీసు కిటికీ కింద పడుకుని, ఒక ఇంగ్లీషు మాట నేర్చుకుని వచ్చింది నక్క.

“ఎలుగు మావా, నీ గానుగ ఎఫెక్టివ్‌గా లేదు,” అంది ఒక పొద్దున.

“అంటే?”

“పట్నంలో ఎవరూ అలా అడగరు మావా. అడిగితే తెలియదనుకుంటారు.”

ఎలుగు వెంటనే తెలిసినట్టు తలూపింది.

“ఎద్దు పొద్దున ఎక్కడుంటుంది?” అంది నక్క.

“గానుగ దగ్గర.”

“సాయంత్రం?”

“గానుగ దగ్గరే.”

“పదేళ్లు నడిచి ఎక్కడికి చేరినట్టు? గాడిదను చూడు, రోజూ ఊరికి వెళ్లొస్తుంది.”

పదేళ్లలో గాడిదను ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. “నేను నడిస్తే దారి తరుగుతుంది మరి,” అంది చెవులు నిక్కించి.

“ఇవాళ గాడిదను కట్టు మావా. చుట్టుకో గీత గోడ మీద గీస్తాను. పనెంత జరిగిందో గోడే చెబుతుంది. చూసుకునేది నేను. ఆ తెలగపిండీ బెల్లమూ నాకివ్వు చాలు.”

“సాయంత్రం అడవిపంది వస్తుంది. కూతురి పెళ్లి, అరిసెలకి కుండెడు నూనె ఇస్తానన్నాను.”

“రెండు కుండలు ఇద్దాం.”

ఎలుగు ఎద్దు దగ్గరికి వెళ్లి, ఎటో చూస్తూ అంది: “ఎద్దన్నా, వాగు అవతల మంచి గడ్డి ఉందట. ఇక నువ్వు అక్కడికి...”

వాగు అవతల పులి ఉంది. ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు.

“ఉందిలే,” అంది ఎద్దు. “గంతలు విప్పు. సాయంత్రం దాకా కూర్చుని పోతాను. కాళ్లు లాగుతున్నాయి.”

గాడిద పరుగు మొదలుపెట్టింది. నక్క బొగ్గుముక్కతో గీతలు గీసింది. నువ్వులు రోట్లోంచి ఎగిరి నాలుగు పక్కలా పడ్డాయి. కాసేపటికి రోకలి కీచుమంది.

“రోకలి పొడిగా అరుస్తోంది,” అంది ఎద్దు కూర్చున్నచోటి నుంచే. “ఆపి, గోరువెచ్చటి నీళ్లు చిలకరించి, నువ్వుల్ని కలబెట్టాలి.”

“ఆపితే గీతలు తగ్గుతాయి తాతా,” అంది నక్క. “నువ్వు రిటైరయ్యావు, హాయిగా కూర్చో.”

పదేళ్లుగా ఆ చప్పుడు వినగానే ఎద్దు తనంతట తనే ఆగేది. బద్ధకం ముండాకొడుకని తిట్టుకుంటూ ఎలుగు ఆ కాస్త తీరికలో నీళ్లు చల్లేది. ఆగడం కూడా పనేనని ఎలుగుకి ఎన్నడూ తోచలేదు.

సాయంత్రానికి గోడ నల్లబడింది. గాడిద నురగలు కక్కుతోంది. అడవిపంది ఖాళీ కుండతో వచ్చింది.

“నాలుగొందల పన్నెండు చుట్లు,” అంది నక్క గోడ చూపించి. “ఎద్దు ఏనాడూ నూట యాభై దాటలేదు.”

పంది గోడ వంక చూడలేదు. గానుగ కింద పెట్టిన పాత్రను వంచి చూసింది. అడుగు తడిసిందంతే.

“ఎల్లుండి పెళ్లి,” అంది ఎలుగుతో. “అరిసెలు ఈ గీతల్లో వేసి వండమంటావా?”

ఎలుగు నక్క వైపు తిరిగింది. “పొద్దున అన్న ఆ ఇంగ్లీషు మాటకి అర్థమేంట్రా?”

“అదీ... వేగంగా, గట్టిగా, అందరికీ కనిపించేలా చెయ్యడం మావా.”

“కాదు,” అంది ఎద్దు. “అప్పుడెప్పుడో ఊళ్లో ఉండగా నాకు గిట్టలు పుచ్చినప్పుడు పశువుల డాక్టరు సూది వేశాడు. వేసేటప్పుడు ఏమీ అనలేదు. మూడోనాడు నేను లేచి నిలబడితే చూసి అన్నాడు, ‘మందు ఎఫెక్టివ్‌గా పనిచేసింది’ అని. సూది ఎంత పొడుగుందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.”

పంది ఎలుగుని వదిలేసి నేరుగా ఎద్దునే అడిగింది. “అన్నా, రేపు సాయంత్రానికి అవుతుందా?”

“మోకాళ్లు ఒప్పుకుంటే అవుతుంది.”

“వాగు మాట మర్చిపో ఎద్దన్నా,” అంది ఎలుగు నేల చూస్తూ. “పాక నీదే.”

“తెలగపిండి నానబెట్టి పెట్టు. పళ్లు కూడా పోతున్నాయి.”

“మరి నా వాటా?” అంది నక్క.

ఎలుగు దాని చేతికి తడిగుడ్డ ఇచ్చింది. “గోడ నీదే. నాలుగొందల పన్నెండూ తుడిచి వెళ్లు.”

మర్నాడు ఎద్దు గంతలు కట్టించుకుని నడిచింది. రోకలి కీచుమన్నప్పుడల్లా ఆగింది. ఎలుగు తిట్టకుండా నీళ్లు చల్లింది. పొద్దుగూకేసరికి ఎద్దు పొద్దున నిలబడ్డ చోటే నిలబడి ఉంది. కుండ నిండింది.

నీతి: పని ఫలించిందా లేదా అన్నది చివర మిగిలినదాన్ని చూసి చెప్పాలి, పట్టిన చెమట చూసి కాదు.