లెన్సు మీద బొట్టుబిళ్ళ

సువర్చల టీచరుకి తప్పు కనిపిస్తే ప్రాణం ఊరుకోదు. నాయుడుపేట హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. ఎవరైనా శుభలేఖ చేతికిస్తే ముందు అచ్చుతప్పులు వెతికి, ఆ తర్వాతే పెళ్ళికొడుకు పేరు చదువుతుంది. అలాంటి మనిషి పాత లెన్సు కొంటే ఏమవుతుందో వేరే చెప్పాలా?

కొనడం మాత్రం ముచ్చటపడే కొంది. ఆదివారాలు దస్తగిరి మాస్టారి దగ్గర ఫొటోలు తీయడం నేర్చుకుంటోంది. మాస్టారు ఒకప్పుడు పత్రికలకి ఫొటోలు తీసినవారు. డెబ్బై దాటినా ఇప్పటికీ తెల్లారేసరికల్లా ఊరి బయట చెరువుగట్టు మీద ఉంటారు. ఆ చెరువులో తుమ్మచెట్ల మీద, ముక్కు కింద సంచి వేలాడే గూడబాతులు గూళ్ళు కడతాయి. అందులో ఒక గూట్లోని పిల్లని గుడ్డు పగిలిన నాటి నుంచీ చూస్తోంది సువర్చల. బొద్దుగా, గుండ్రంగా ఉంటుందని దానికి బొండాం అని పేరు కూడా పెట్టింది.

బొండాం మొదటిసారి ఎగిరేటప్పుడు ఫొటో తీయాలని ఆమె ఆశ. గట్టు మీంచి మామూలు లెన్సుతో తీస్తే అది ఆవగింజంత పడుతుంది. దూరాన్ని దగ్గరికి లాగే పెద్ద లెన్సు కావాలి. కొత్తది కొనాలంటే ఉన్న స్కూటరు అమ్ముకోవాలి. అందుకని మద్రాసులో పాత కెమెరాలమ్మే కొట్టుకెళ్ళి, తను పుట్టకముందు తయారైన లెన్సొకటి కొనుక్కొచ్చింది. మంచి పట్టుచీరంత ఖరీదు కూడా కాలేదు. రోకలంత బరువు. దానంతటది ఏ పనీ చేయదు, రింగు చేత్తో తిప్పితేనే బొమ్మ తేటపడుతుంది.

తెచ్చిన రోజంతా మురిసిపోయింది. మర్నాడు ఫోన్లో టార్చి వెలిగించి లెన్సులోకి చూసింది. ఇంకేముంది, కొంప మునిగింది! ముందు అద్దం మీద సన్నటి గీత. లోపల దుమ్ము నలుసులు. కొట్టతనికి ఫోన్ చేసి కడిగిపారేసింది.

"ఆదివారం సాయంత్రంలోగా తెచ్చివ్వండి మేడం, వెనక్కి తీసుకుంటాను. ఆ తర్వాత నన్నడగొద్దు" అన్నాడతను.

ఆ ఆదివారం తొమ్మిది దాటాక గట్టుకి వచ్చింది, మొహం గంటు పెట్టుకుని. మాస్టారు మడతకుర్చీలో కూర్చుని టీ తాగుతున్నారు.

"ఏందమ్మా, ఇంత ఎండలో టార్చి వెలిగించావు?"

"గీత మాస్టారూ! ఇదిగో, ఇక్కడ. అలా కాదు, కాస్త వాల్చి చూడాలి. పది గంటల బండికి మద్రాసు వెళ్ళి, ఆ కొట్టతని మొహాన కొట్టేసొస్తాను."

"నీ బొండాం ఇవాళో రేపో ఎగిరేట్టుందే."

"తెలుసు" అంది సువర్చల. బొండాం అప్పటికే గూటి అంచుకొచ్చి రెక్కలు ఆడిస్తోంది. లెన్సు ఇచ్చేస్తే, మళ్ళీ ఇంకోటి సంపాదించేలోపు అది ఎటో వెళ్ళిపోతుంది. ఇవ్వకపోతే, ఈ గీత జన్మంతా తన నెత్తిన ఉంటుంది. ఏడుపొచ్చింది ఆమెకి. "ఇన్నాళ్ళూ కళ్ళల్లో ఒత్తులేసుకుని చూశాను మాస్టారూ. తీసే ఆ ఒక్క ఫొటో మచ్చ లేకుండా రావాలి కదా!"

"దీంతో ఇప్పటికి ఎన్ని తీశావు?"

"ఒక్కటీ తీయలేదు. గీత పెట్టుకుని ఎలా తీస్తానండీ?"

మాస్టారు కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. తుడవకముందే నయంగా ఉన్నాయి. వాటినే మళ్ళీ పెట్టుకుని, "సంచీలో బొట్టుబిళ్ళలేమన్నా ఉన్నాయా?" అనడిగారు.

ఉన్నాయి. ఎందుకో అర్థం కాకపోయినా అట్ట తీసి చేతికిచ్చింది. ఆయన తీరిగ్గా ఎంచి, కందిగింజంత ఎర్రబిళ్ళ ఒకటి ఒలిచి, లెన్సు ముందు అద్దానికి సరిగ్గా నడిమధ్యన అంటించారు. పేరంటానికొచ్చిన ముత్తయిదువకి పెట్టినంత శ్రద్ధగా పెట్టారు.

"అయ్యయ్యో! మతుండే చేశారా ఈ పని!" అనేసి నాలిక్కరుచుకుంది సువర్చల. గబగబా లెన్సు లాక్కుని, బిళ్ళని గోటితో లేపబోయింది.

"బొండాం లేస్తోంది" అన్నారాయన.

నిజంగానే లేస్తోంది! బిళ్ళ మాట మర్చిపోయి, లెన్సుని కెమెరాకి బిగించి కంటికి ఆనించింది. రింగు తిప్పింది. మసగ్గా ఉన్న ముద్ద కాస్తా ముక్కుగా, ముక్కు కింద సంచిగా, గుండ్రటి కన్నుగా తేటపడింది. అంతలో బొండాం గూటి అంచు మీంచి ముందుకి ఒరిగింది. కాళ్ళు చెరో పక్కకీ పోయాయి. కొమ్మకి గుద్దుకుంది. నీళ్ళలో పడిపోయినట్టే కిందికి జారి, అప్పుడు గుర్తొచ్చినట్టు రెక్కలు బార్లా చాపి పైకి లేచింది.

"రా తల్లీ, రా! శభాష్ బొండాం!" అని కేకలు పెడుతూనే టపటపా ఫొటోలు తీసింది సువర్చల. మాస్టారు టీ గ్లాసు కింద పెట్టేసి చప్పట్లు కొట్టారు.

బొండాం చెరువు దాటి కనుమరుగయ్యాక గానీ ఆమెకి బొట్టు గుర్తు రాలేదు. కెమెరా తెర మీద ఫొటోలు పెద్దవి చేసుకుని, పరీక్ష పేపర్లు దిద్దినట్టు ఒక్కోటీ వెతికింది. ఆకాశంలో చూసింది, నీళ్ళలో చూసింది, మూలమూలలా చూసింది. ఎర్రగా ఎక్కడా ఏమీ లేదు.

"దొరికిందా?" అన్నారు మాస్టారు.

"లేదు."

"మరి గీత?"

సువర్చల ఈసారి గీత కోసం వెతికింది. అదీ లేదు. మళ్ళీ ఫొటో చూసింది. కాళ్ళు చెరో పక్కకీ పెట్టి, నోరు ఇంత తెరుచుకుని, గాల్లో బొండాం. ఫక్కున నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి.

దూరంగా స్టేషన్లో బండి కూత వినపడింది. మాస్టారు చెయ్యి చాపారు.

"నీ మద్రాసు బండి వచ్చినట్టుంది. ఇటియ్యమ్మా, బిళ్ళ తీసి శుభ్రంగా తుడిచిస్తాను."

"అబ్బ, ఉండండి మాస్టారూ! కాస్త పక్కకి జరగండి" అంది సువర్చల, అప్పటికే కెమెరా కంటికి ఆనించి రింగు తిప్పుతూ. "పక్క గూట్లోది లేస్తోంది."